ఒకే ఐదు నంబర్లకి నమ్‌పైలో ఒక వేరియన్స్, పాండాస్‌లో ఇంకోటి: ఏది నమ్మాలి?

గుండ్లకమ్మ · కొత్త సభ్యుడు

అందరికీ నమస్కారం. పాల కేంద్రాల నుంచి వచ్చే ఫ్యాట్ రీడింగులు చూసే పని నాది. నాకంటే ముందున్నాయన రాసిపెట్టి వెళ్లిన పైథాన్ స్క్రిప్ట్ ఒకటుంది, రోజూ దాన్నే నడుపుతున్నాం. మా మేనేజర్ గారు అదే డేటా ఎక్సెల్‌లో వేసి చూసి "నీ రిపోర్టులో వేరియన్స్ తక్కువొస్తోందేంటయ్యా" అన్నారు. నిజమే, వేరియన్స్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) కలవట్లేదు. చిన్న ముక్క తీసి చూశాను. ఐదు శాంపిళ్లు, అన్నీ గేదె పాలే:

6.2, 6.8, 5.9, 7.1, 6.5

పైథాన్ లెక్కల లైబ్రరీ నమ్‌పైలో ఎన్‌పీ.వార్(ఫ్యాట్) కొడితే 0.18. అదే లిస్టుని ఇంకో లైబ్రరీ పాండాస్‌లో సిరీస్ చేసి .వార్() కొడితే 0.225. ఎక్సెల్‌లో వార్ ఫంక్షన్ కూడా 0.225 అంటోంది. (పదో పదిహేనో దశాంశం దగ్గర వచ్చే తొమ్మిదులు, ఒకట్లు వదిలేశాను.) బగ్ ఎక్కడుంది?

ఓరుగల్లు_కోడర్

బగ్ ఏం లేదు భయ్యా. నమ్‌పైల డీడాఫ్ అని ఒక ఆర్గ్యుమెంట్ ఉంటది, భాగించేటప్పుడు అంకెల సంఖ్యలకెల్లి ఎంత తీసెయ్యాల్నో చెప్తది, డిఫాల్ట్ 0. పాండాస్‌ల గదే డీడాఫ్, డిఫాల్ట్ 1. ఎన్‌పీ.వార్(ఫ్యాట్, డీడాఫ్=1) కొట్టి చూడు, 0.225 ఒస్తది. సగటు 6.5, తేడాల వర్గాల మొత్తం 0.90. దాన్ని 5తోని భాగిస్తే 0.18, 4తోని భాగిస్తే 0.225. గంతే.

గుండ్లకమ్మ

వచ్చింది అన్నా, థాంక్స్. కానీ ఉన్నవి ఐదైతే నాలుగుతో ఎందుకు భాగించడం? ఇంటర్ 2ఏలో చదివినప్పుడు ఎన్‌తోనే (అంకెలు ఎన్నుంటే అంతతోనే) భాగించాం కదా.

స్టాట్స్_మాస్టారు

ఇంటర్ పుస్తకం తప్పు చెప్పలేదు నాయనా. అక్కడ ఇచ్చిన అంకెలే మొత్తం లోకం. వాటి బయట ఇంకేమీ లేదనుకుని లెక్క కడతారు, కాబట్టి ఎన్. నీ దగ్గరున్నది అట్లా కాదు. ఐదు శాంపిళ్లు చూసి ఆ ఊరి పాలన్నిటి గురించీ చెప్పబోతున్నావు.

ఆ ఊరి పాల అసలు సగటు నీకు తెలీదు. దాని బదులు ఈ ఐదింటి సగటు 6.5 వాడుతున్నావు. ఇబ్బంది అక్కడే. ఏ ఐదు అంకెలు తీసుకున్నా, వాటికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది వాటి సొంత సగటే. ఇంకే బిందువు నుంచి కొలిచినా తేడాల వర్గాల మొత్తం పెరుగుతుంది గానీ తగ్గదు. మాటవరసకి ఊరి అసలు సగటు 6.7 అనుకో. అక్కడి నుంచి కొలిస్తే మొత్తం 0.90 కాదు, 1.10 వస్తుంది. అంటే సొంత సగటు నుంచి కొలిచిన ప్రతిసారీ కొంచెం తక్కువే చూపిస్తున్నావన్నమాట. ఆ తరుగు సగటున ఎంతో లెక్క కడితే, ఎన్‌కి బదులు ఎన్−1తో భాగిస్తే సరిగ్గా సరిపోతుందని తేలుతుంది. దీన్ని బెసెల్ సవరణ అంటారు. 19వ శతాబ్దపు జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ పేరు మీద వచ్చింది.

ఇంకో మాట. ఇది సరిచేసేది వేరియన్స్‌నే. వర్గమూలం తీసి స్టాండర్డ్ డీవియేషన్ చేశాక మళ్లీ కాస్త తక్కువే చూపిస్తుంది. మా పిల్లల్లో సగం మంది ఎన్−1 పెట్టేస్తే అన్నీ సరైపోయాయనుకుంటారు.

డల్లాస్_బాబాయ్

పెద్ద డేటాలో దీని గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు లెండి. ఐదింటికి 25 శాతం తేడా వచ్చింది. లక్ష రీడింగులుంటే ఆ తేడా 0.001 శాతం.

స్టాట్స్_మాస్టారు

లక్ష రీడింగుల మాట నిజమే. కానీ వీళ్లు కేంద్రం వారీగా, పూట వారీగా విడగొడతారు. అప్పుడు ఒక్కో గుంపులో మళ్లీ ఐదో ఆరో మిగిలేది.

పాతకాపు

నేను ఆర్ అనే స్టాటిస్టిక్స్ భాషలో పెరిగినవాణ్ణి, కాబట్టి మా వైపు సంగతి. ఆర్‌లో వార్ ఎప్పుడూ ఎన్−1తోనే. మార్చుకునే ఆప్షనే ఇవ్వలేదు. ఎన్ కావాలంటే ఎన్−1తో గుణించి ఎన్‌తో భాగించుకోవాలి. మ్యాట్రిక్స్ ఇస్తే మాత్రం జాగ్రత్త, ఒక్క అంకె రాదు, నిలువు వరసల మధ్య కోవేరియన్స్ (రెండు వరసలు కలిసి ఎలా మారుతున్నాయో చెప్పే కొలత) పట్టిక మొత్తం వచ్చి పడుతుంది. నమ్‌పై దీనికి పూర్తిగా ఎదురు. రెండు డైమెన్షన్ల అరే ఇచ్చి యాక్సిస్ చెప్పకపోతే అన్నిటినీ కలిపేసి ఒకే ఒక్క అంకె ఇస్తుంది. కేంద్రాలు నిలువు వరసల్లో ఉంటే యాక్సిస్=0 అని రాయాల్సిందే.

మ్యాట్‌ల్యాబ్, జూలియా రెండూ ఎన్−1 వైపే. మెషిన్ లెర్నింగ్ లైబ్రరీల్లో పైటార్చ్ కూడా అంతే, టెన్సర్‌ఫ్లోలో రెడ్యూస్ వేరియన్స్ మాత్రం ఎన్. సైకిట్‌లెర్న్‌లో అంకెల్ని ఒకే కొలతకి తెచ్చే స్టాండర్డ్ స్కేలర్ లోపల ఎన్. అందుకే పాండాస్‌తో చేత్తో స్కేల్ చేసినవాళ్లకి, స్కేలర్‌తో చేసినవాళ్లకి మూడో నాలుగో దశాంశంలో తేడా వచ్చి "మోడల్ రీప్రొడ్యూస్ అవ్వట్లేదు" అని గోల. పైథాన్ సొంత స్టాటిస్టిక్స్ మాడ్యూల్ ఒక్కటే మర్యాదగా రెండు పేర్లు పెట్టింది: వేరియన్స్ అంటే ఎన్−1, పీవేరియన్స్ అంటే ఎన్. ఎక్సెల్‌లో కూడా 2010 నుంచి వార్.ఎస్, వార్.పీ అని విడివిడిగా ఉన్నాయి. పాత వార్ అంటే వార్.ఎస్‌తో సమానం.

శారద_డీబీఏ

మా డేటాబేస్ వాళ్ల గొడవ కూడా వినండి. వేరియన్స్ అనే అదే ఫంక్షన్, అదే పేరు. మైఎస్‌క్యూఎల్‌లో ఎన్‌తో భాగిస్తుంది, పోస్ట్‌గ్రెస్‌లో ఎన్−1తో. ఒరాకిల్‌లో ఎన్−1తోనే గానీ, ఒకే ఒక్క వరస ఉంటే 0 ఇస్తుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మైగ్రేట్ చేస్తే క్వెరీ ఎర్రర్ లేకుండా నడుస్తుంది, అంకెలు మాత్రం నిశ్శబ్దంగా మారిపోతాయి. నా టీమ్‌లో వేరియన్స్ అన్న పేరు వాడనివ్వను. వార్_పాప్ (ఎన్) గానీ వార్_శాంప్ (ఎన్−1) గానీ, ఏది కావాలో నోరారా రాయాల్సిందే.

గుండ్లకమ్మ

చాలా ఉపయోగపడిందండీ అందరికీ. ఇదే స్క్రిప్ట్‌లో ఇంకో వింత కనిపించింది, కొత్త టాపిక్ పెట్టనా, ఇక్కడే అడగనా?

మాడరేటర్

వేరియన్స్ గురించే అయితే ఇక్కడే అడగండి.

గుండ్లకమ్మ

సరేనండి. మా ఎనలైజర్ ఒక్కో శాంపిల్‌కి ఏడెనిమిది సెకన్లలో నాలుగైదు సిగ్నళ్లు పంపుతుంది. అవి ఎంత చెదిరి వస్తున్నాయో చూడటానికి వాటి టైమ్‌స్టాంప్‌ల వేరియన్స్ తీస్తున్నాడాయన. టైమ్‌స్టాంప్‌లు 1970 నుంచి లెక్కపెట్టిన మిల్లీసెకన్లు, అంటే 1750000000000 లాంటి అంకెలు. ఇక్కడ ఎన్‌పీ.వార్ వాడలేదు, సొంతంగా రాశాడు: ఫ్లోట్‌లోకి (దశాంశ సంఖ్యల రూపంలోకి) మార్చి, వర్గాల సగటులోంచి సగటు వర్గం తీసేశాడు.

వస్తున్న జవాబులు: కొన్ని శాంపిళ్లకి 0.0, కొన్నిటికి 536870912.0, కొన్నిటికి −536870912.0. మైనస్ వచ్చినచోట వర్గమూలం తీస్తే నాన్ (అంటే 'అంకె కాదు'). వేరియన్స్ మైనస్‌లో ఎలా ఉంటుంది? పైగా అదే అంకె పదే పదే ఎందుకు?

సీ_ప్లస్_సీతయ్య

ఆహా, ఇదీ ప్రశ్నంటే. ఆ 536870912ని చూశారా, అది 2కి 29వ ఘాతం. అక్కడే దొంగ దొరికాడు.

డబుల్‌లో, అంటే పైథాన్ వాడే 64 బిట్ల ఫ్లోట్‌లో, 53 బిట్లే ఖచ్చితత్వం ఉంటుంది. పదిహేను, పదహారు అంకెలు. మీ టైమ్‌స్టాంప్ 13 అంకెలు, అది హాయిగా పడుతుంది. దాన్ని వర్గం చేశారు: 3.06 పక్కన 10కి 24వ ఘాతం, 25 అంకెల సంఖ్య. 25 అంకెల్లో మొదటి పదహారే మిగిలి తక్కినవి రౌండ్ అయిపోతాయి. ఆ సైజులో ఒక డబుల్‌కీ దాని పక్క డబుల్‌కీ మధ్య దూరం సరిగ్గా 53,68,70,912. మధ్యలో ఇంకే సంఖ్యా లేదు, రాయడానికి చోటే లేదు.

ఇప్పుడు మీ అసలు జవాబు ఎంతుండాలి? సిగ్నళ్లన్నీ ఎనిమిది సెకన్ల లోపు వచ్చాయంటే వేరియన్స్ మహా అయితే 4000 వర్గం, ఒక కోటీ అరవై లక్షలు. ఆ కోటిన్నర కోసం 53 కోట్ల గీతలున్న స్కేలు పెట్టి కొలుస్తున్నారు. రెండు పెద్ద సంఖ్యలూ ఒకే గీత మీదకి రౌండ్ అయితే 0, పక్క గీతలకి పడితే ప్లస్ 53 కోట్లు, అటూ ఇటూ మారితే మైనస్ 53 కోట్లు. ఇంకో రకంగా చెప్తా. ఆ గీత వర్గమూలం 23,170. అంటే 23 సెకన్ల లోపు చెదురు ఏదైనా సరే ఈ ఫార్ములాకి కనబడదు.

ఈ ఫార్ములా కాగితం మీద తప్పు కాదు, బీజగణితంలో ఇదీ, సగటు తీసేశాక వర్గం చేసేదీ ఒకటే. కాలిక్యులేటర్ల రోజుల్లో ఒక్కసారి అంకెలన్నీ కొట్టుకుంటూ పోతే పనైపోతుందని దీన్ని వాడారు. మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా ఎక్సెల్ 2003 వచ్చేదాకా దీన్నే వాడారు, ఆ వెర్షన్‌లో మార్చారు.

చేయాల్సింది: ముందు సగటు, తర్వాత ఒక్కోదాంట్లోంచి సగటు తీసేసి, అప్పుడు వర్గం. రెండుసార్లు తిరగాలి, తిరగండి. తీసివేత చిన్న అంకెలు మిగిల్చాక వర్గం చేస్తే ఏమీ పోదు. ఎన్‌పీ.వార్ లోపల చేసేది ఇదే.

ఓరుగల్లు_కోడర్

సీతయ్య అన్నా, ఫ్లోట్‌లకి మార్చకుండ ఇంట్64లనే (64 బిట్ల పూర్ణాంకాలనే) వర్గం చేస్తే? ఇంటీజర్‌కి రౌండింగ్ ఉండదు గదా.

సీ_ప్లస్_సీతయ్య

రౌండింగ్ ఉండదు తమ్ముడూ, ఓవర్‌ఫ్లో ఉంటుంది. ఇంట్64 పట్టేది 9.22 పక్కన 10కి 18వ ఘాతం వరకే. 303.7 కోట్లు దాటిన ఏ సంఖ్య వర్గమూ అందులో పట్టదు. నమ్‌పై అరేల్లో అది చెప్పాపెట్టకుండా చుట్టూ తిరిగి చెత్త ఇస్తుంది. ఫొటో పిక్సెళ్లతో ఆడేవాళ్లకి ఇంకా దారుణం: 8 బిట్ల అరేలో 255ని వర్గం చేస్తే 65025 రాదు, 1 వస్తుంది. ఎన్‌పీ.వార్‌కి ఇంటీజర్ అరే ఇస్తే అదే ఫ్లోట్64లో లెక్క కడుతుంది, కాబట్టి దానికి వదిలేస్తే ఈ గొడవ లేదు.

పాతకాపు

ఒక చిన్న దిద్దుబాటు. నమ్‌పై ఇంటీజర్లకి ఓవర్‌ఫ్లో ఉంది, పైథాన్ సొంత ఇంటీజర్లకి లేదు. అరేని .టులిస్ట్() చేసి మామూలు పైథాన్ ఇంట్‌లతో ఎన్ రెట్ల వర్గాల మొత్తంలోంచి మొత్తం వర్గం తీసేసి, చివర్లో ఒక్కసారి ఎన్, ఎన్−1ల లబ్ధంతో భాగిస్తే జవాబు ఖచ్చితం. 25 అంకెలైనా 250 అంకెలైనా పడతాయి. సీతయ్య గారు తిట్టిన ఫార్ములాయే ఇది! నెమ్మది, అంతే.

సీ_ప్లస్_సీతయ్య

ఒప్పుకున్నా. పాపం ఫార్ములాది కాదు, ఫ్లోట్‌ది.

డల్లాస్_బాబాయ్

నా వైపు నుంచి ప్రశ్న. రెండుసార్లు తిరగమంటున్నారు, మా ఫైళ్లు మెమరీలో పట్టవు. ఎన్‌పీ.వార్ లోపల సగటు తీసేసిన ఇంకో అరే తయారవుతుంది, 8 జీబీ అరేకి ఇంకో 8 జీబీ. ఫ్లోట్32కి (32 బిట్లకి) దించి సగం చేద్దామా అనుకుంటున్నాం.

సీ_ప్లస్_సీతయ్య

బాబాయ్, ఫ్లోట్32లో ఆ టైమ్‌స్టాంప్‌ల పక్క సంఖ్యల మధ్య దూరం 1,31,072 మిల్లీసెకన్లు. రెండు నిమిషాల పైనే. వర్గం చేయకముందే అన్ని సిగ్నళ్లూ ఒకే అంకె అయిపోతాయి. పోనీ మొదటి టైమ్‌స్టాంప్‌ని అన్నిట్లోంచీ తీసేసి, మిగిలిన చిన్న అంకెల్ని ఫ్లోట్32లో పెట్టండి. అన్నిట్లోంచీ ఒకే సంఖ్య తీస్తే వేరియన్స్ మారదు కదా.

ఒక్కసారే తిరగాలంటే వెల్‌ఫోర్డ్ 1962లో చెప్పిన పద్ధతుంది. పైథాన్ 3లో వేరియబుళ్లకి తెలుగు పేర్లు నడుస్తాయి కాబట్టి తెలుగులోనే రాస్తున్నా (కుప్ప అంటే తేడాల వర్గాల మొత్తం):

సంఖ్య = 0, సగటు = 0, కుప్ప = 0
వచ్చిన ప్రతి విలువకీ:
సంఖ్య = సంఖ్య + 1
తేడా = విలువ − సగటు
సగటు = సగటు + తేడా / సంఖ్య
కుప్ప = కుప్ప + తేడా × (విలువ − సగటు)

చివరి లైన్లో ఉన్నది కొత్త సగటు, తేడాలో ఉన్నది పాత సగటు. అదే కీలకం, లైన్లు అటూ ఇటూ చేయకండి. గుండ్లకమ్మ గారి పాలకే నడిపి చూడండి. 6.2కి కుప్ప 0. 6.8 రాగానే సగటు 6.5, కుప్ప 0.18. 5.9కి సగటు 6.3, కుప్ప 0.42. 7.1కి సగటు మళ్లీ 6.5, కుప్ప 0.90. 6.5కి తేడా సున్నా, కుప్ప అక్కడే ఉంది. 4తో భాగించండి, 0.225.

డల్లాస్_బాబాయ్

భలే ఉంది. కానీ ఎలిమెంట్ వెంట ఎలిమెంట్ పైథాన్ లూప్‌లో తిప్పితే తెల్లారిపోతుంది. ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి వేరియన్స్ తీసి, వాటి సగటు వేస్తే పోలా?

స్టాట్స్_మాస్టారు

పోదు. పొద్దున పూట 6.2, 6.8, 5.9, సాయంత్రం 7.1, 6.5 అనుకోండి. ఎన్‌తో భాగిస్తే పొద్దున వేరియన్స్ 0.14, సాయంత్రం 0.09. సగటు 0.115. అసలుది 0.18. పూటకీ పూటకీ సగటులో ఉన్న తేడా మొత్తం గాల్లో కలిసిపోయింది.

సీ_ప్లస్_సీతయ్య

ముక్కలు కలిపే దారి ఉంది. చాన్, గోలబ్, లెవెక్ 1979లో ఇచ్చారు. ఒక్కో ముక్కకి మూడు అంకెలు దాచుకోండి: సంఖ్య, సగటు, కుప్ప. కలిపేటప్పుడు రెండు కుప్పలూ కూడి, సగటుల తేడా వర్గాన్ని రెండు సంఖ్యల లబ్ధంతో గుణించి వాటి మొత్తంతో భాగించి, దాన్నీ కలపండి. మాస్టారి అంకెలే: పొద్దున 3, 6.3, 0.42. సాయంత్రం 2, 6.8, 0.18. సగటుల తేడా 0.5, వర్గం 0.25, ఇంటూ 6 బై 5 అంటే 0.30. మొత్తం 0.42 + 0.18 + 0.30 = 0.90. ఒక్కో ముక్కలోపల నమ్‌పైనే వాడుకోండి, ముక్కల మధ్య మాత్రమే ఈ లెక్క. నాలుగు కోర్ల మీద నాలుగు ముక్కలు నడిపినా ఇదే.

గుండ్లకమ్మ

టైమ్‌స్టాంప్‌లకి ఎన్‌పీ.వార్ పెట్టేశాను, మైనస్‌లు పోయాయి. ఆఖరుది. కొన్ని కేంద్రాల ఫ్యాట్‌కి నమ్‌పైలో నాన్ వస్తోంది, పాండాస్‌లో వేరియన్స్ వస్తోంది. ఒక కేంద్రానికి మాత్రం రెండింట్లోనూ 7 పైనే చూపిస్తోంది, ఫ్యాట్‌కి అది అసాధ్యం కదా?

ఓరుగల్లు_కోడర్

నాన్ సంగతి: పాండాస్ ఖాళీలను దాటేసుకుంట పోతది, నమ్‌పై ఒక్క నాన్ ఉన్నా మొత్తం నాన్ చేస్తది. ఎన్‌పీ.నాన్‌వార్ వాడు, డీడాఫ్=1 మళ్ల రాయాలె. ఒక్కటే రీడింగ్ ఉన్న కేంద్రానికి డీడాఫ్=1 పెడితే ఎట్లయినా నానే, సున్నా బై సున్నా. స్టాటిస్టిక్స్ మాడ్యూల్ అయితే ఎర్రరే ఇస్తది.

శారద_డీబీఏ

ఆ 7కి కారణం నేను చెప్తా. రీడింగ్ లేనిచోట ఖాళీకి బదులు 0 పడి ఉంటుంది. మీ ఐదు అంకెల పక్కన ఒక్క 0 పెట్టి చూడండి, 0.225 కాస్తా 7.22 అవుతుంది. ఏ లైబ్రరీ కూడా దీన్ని పట్టుకోలేదు, దానికి 0 కూడా అంకే.

గుండ్లకమ్మ

కేంద్రం వాళ్లనే అడిగానండీ. క్యాన్ రాని పూట మెషిన్ 0.0 పంపుతుందట.

శారద_డీబీఏ

అయితే పైథాన్ దాకా రానివ్వకండి. క్వెరీలోనే నల్‌ఇఫ్(ఫ్యాట్, 0) పెట్టండి, సున్నాలు నల్ (ఖాళీ) అవుతాయి, వార్_శాంప్ నల్స్‌ని లెక్కలోకి తీసుకోదు. పక్కనే కౌంట్(నల్‌ఇఫ్(ఫ్యాట్, 0)) కూడా తెచ్చుకోండి. కౌంట్ 2 కంటే తక్కువున్న పూటలకి రిపోర్టులో వేరియన్స్ గడి ఖాళీగా వదిలేయండి.